కోస్తా దెల్ సోల్‌లో ఒక రోజు: సొంత గైడుతో మాలగా నుంచి నెర్హా, ఫ్రిహిలియానా దాకా

స్పెయిన్ దక్షిణాన, పడమర మనిల్వా నుంచి తూర్పున నెర్హా వరకు మధ్యధరా సముద్రం పక్కన సుమారు 150 కిలోమీటర్లు సాగే తీరం పేరు కోస్తా దెల్ సోల్. దీనికి ముఖద్వారం మాలగా నగరం. ఉత్తరాన వరుసగా నిలిచిన కొండలు చలిగాలిని అడ్డుకోవడం వల్ల జనవరి మధ్యాహ్నాల్లో కూడా ఇక్కడ ఉష్ణోగ్రత 17 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆకాశం నీలంగానే కనిపిస్తుంది.

ఈ తీరం మొత్తాన్ని ఒక్క పగటిలో చూపిస్తామనే ప్రకటనలకు కొదవ లేదు. రోండా, మార్బెయా, జిబ్రాల్టర్ మూడింటినీ ఒకే రోజులో కలిపేవారూ ఉన్నారు. అలా వెళితే రోజంతా కారు కిటికీలోంచే గడిచిపోతుంది. మనకంటూ ఒక గైడును, ఒక కారును మాట్లాడుకోవడంలో ఉన్న అసలు లాభం తీరిక. నచ్చిన చోట అరగంట ఎక్కువ కూర్చోవచ్చు, నచ్చని చోటు నుంచి పది నిమిషాల్లో లేచి రావచ్చు. అందుకు డబ్బు పెట్టి, మళ్లీ పరుగులు తీయడంలో అర్థం లేదు. ఒక దిక్కు, మూడు లేదా నాలుగు మజిలీలు, ఒక నిదానమైన భోజనం: ఈ లెక్కకు కట్టుబడితే మిగతాదంతా సులువుగా కుదురుతుంది.

ముందుగా దిక్కు తేల్చుకోండి

మాలగా నుంచి రెండు దారులు. పడమర దారిలో తోర్రెమోలినోస్, బెనల్మాదెనా, కొండ మీది తెల్లటి ఊరు మిహాస్, తర్వాత మార్బెయా, ఎస్తెపోనా వస్తాయి. బెనల్మాదెనాలో 33 మీటర్ల ఎత్తున సముద్రానికి ఎదురుగా నిలిచిన బౌద్ధ స్తూపం ఉంది, 2003లో ప్రారంభమైంది. మార్బెయాలో నారింజ చెట్ల చౌరస్తా చుట్టూ ఉన్న పాత పేట నిజంగా బాగుంటుంది. కానీ తీరం పొడవునా ఎత్తైన హోటళ్లు, అపార్ట్‌మెంట్లు నిండిపోయాయి. ఖరీదైన పడవలు, దుకాణాలు చూడాలనుకునేవారికి ఈ దారి సరిపోతుంది.

తూర్పు దారి సముద్రపు ఒడ్డున ఉన్న నెర్హాకు, దాని పైన కొండ మీది తెల్లటి ఊరు ఫ్రిహిలియానాకు తీసుకెళుతుంది. ఈ ప్రాంతాన్ని అక్సార్కియా అంటారు. కొండవాలుల్లో మామిడి, అవకాడో తోటలు, ఎండలో ఆరబెట్టే ద్రాక్ష, నేరుగా సముద్రంలోకి దిగే రాతి కొండలు కనిపిస్తాయి. మాలగా నుంచి నెర్హా 55 కిలోమీటర్ల దూరంలో ఉంది, ఏ-7 రహదారి మీద గంటలోపు చేరవచ్చు. ఒక్క రోజే ఉంటే నేను తూర్పుకే వెళ్లమంటాను. ఈ మార్గదర్శి అందుకే ఆ దారి పట్టింది.

రోండాను ఇందులో కలపకండి. 98 మీటర్ల లోతున్న లోయ మీద 1793లో పూర్తయిన ఆ ఊరి రాతి వంతెన గొప్పదే. అయితే మాలగా నుంచి అక్కడికి వంద కిలోమీటర్లు, అదీ కొండ దారి. దానికి విడిగా ఒక రోజు కేటాయించాలి. గ్రనడా నగరంలోని అల్హంబ్రా కోట విషయమూ అంతే.

ఇంకొక మాట. ఇద్దరే ఉండి, ఇద్దరూ బాగా నడవగలిగి, నెర్హా ఒక్కటే చూడాలనుకుంటే సొంత గైడు అవసరం లేదు. మాలగా బస్టాండు నుంచి నెర్హాకు బస్సులున్నాయి. పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉన్నప్పుడు, లేదా ఊళ్ల చరిత్ర తెలిసినవారి నోట వినాలన్న కోరిక ఉన్నప్పుడు ఈ ఖర్చుకు న్యాయం జరుగుతుంది.

నెల, వారం, వీసా

ఏప్రిల్ రెండో సగం నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలలు అన్నిటికన్నా మంచివి. జులై, ఆగస్టుల్లో సగటు పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల చుట్టూ ఉంటుందని చూసి మనకు ఇదొక లెక్కా అనుకోవచ్చు. కానీ తెర్రాల్ అనే పొడిగాలి లోపలి భూభాగం నుంచి తీరం వైపు వీచిన రోజున మాలగాలో 40 డిగ్రీలు తాకుతుంది. ఆగస్టులో స్పెయిన్ దేశమంతా సెలవు మీద తీరానికి దిగుతుంది కాబట్టి పార్కింగు దొరకడమే కష్టం. సముద్రం మాత్రం వేసవిలోనూ చల్లగానే ఉంటుంది. విశాఖ, సూర్యలంక నీళ్లకు అలవాటుపడినవారు తొలి అడుగులోనే ఉలిక్కిపడతారు.

వారంలో మంగళవారం నుంచి గురువారం మధ్య రోజు ఎంచుకోండి. శని, ఆదివారాల్లో తీరప్రాంత హోటళ్లు స్థానిక కుటుంబాలతో నిండుతాయి.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా (సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన ఐరోపా దేశాల కూటమికి ఉమ్మడి వీసా) తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, 15 రోజుల ముందుకు మించి ఆలస్యం చేయకూడదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. జర్మనీ, నెదర్లాండ్స్ వంటి షెంగెన్ దేశాల్లో నివాస అనుమతితో ఉంటున్న తెలుగువారికి మళ్లీ వీసా అక్కర్లేదు, 180 రోజుల్లో 90 రోజుల వరకు రావచ్చు. బ్రిటన్‌లో, ఐర్లాండ్‌లో ఉంటున్నవారికి ఆ వెసులుబాటు లేదు, ఆ దేశాలు షెంగెన్‌లో లేవు. పిల్లల దగ్గరికి లండన్ వచ్చిన తల్లిదండ్రులను ఇక్కడికి తీసుకురావాలనుకునేవారు ఈ సంగతి ముందే గుర్తుంచుకోవాలి.

గైడు వేరు, డ్రైవరు వేరు

అసలు తేడా ఇక్కడే వస్తుంది. తక్కువ ధరకు దొరికే చాలా "ప్రైవేటు టూర్లలో" వచ్చేది ఇంగ్లిషు కొంత మాట్లాడగల డ్రైవరు. ఊరి మొదట్లో దింపి, రెండు గంటల తర్వాత వస్తానంటాడు. అందులో మోసమేమీ లేదు. అయితే మీరు గైడు కోసం డబ్బిచ్చి ఉంటే అది సరిపోదు.

మాలగా ఉన్న ఆండలూసియా ప్రాంతంలో టూరిస్టు గైడు వృత్తికి ప్రాంతీయ ప్రభుత్వం గుర్తింపు ఇస్తుంది. గుర్తింపు ఉన్న గైడు దగ్గర కార్డు ఉంటుంది. ఏ భాషలకు గుర్తింపు ఉందో కూడా అడగండి. కారు విషయంలో ఇంకా తేలికైన గుర్తు ఒకటి ఉంది. స్పెయిన్‌లో టాక్సీలకు, అద్దెకు ప్రయాణికులను తీసుకెళ్లే అనుమతి ఉన్న కార్లకు వెనక నంబరు పలక నీలం రంగులో ఉంటుంది, అక్షరాలు తెలుపు. మామూలు తెల్ల పలక ఉన్న కారులో ఎవరైనా డబ్బు తీసుకుని తిప్పుతున్నారంటే అనుమతి సంగతి అడగాల్సిందే. ప్రమాదం జరిగితే బీమా వర్తిస్తుందా లేదా అన్నది ఆ పలకతో ముడిపడి ఉంటుంది.

మూడు రకాల ఏర్పాట్లు దొరుకుతాయి. గైడే కారు నడపడం ఒకటి. గైడు, డ్రైవరు ఇద్దరూ వేర్వేరుగా రావడం రెండోది. డ్రైవరు రోజంతా ఉండి, ఫలానా ఊళ్లో మాత్రం స్థానిక గైడు రెండు గంటలు కలవడం మూడోది. నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి మూడోది చాలా బాగా కుదురుతుంది, ఖర్చూ అదుపులో ఉంటుంది. ఫ్రిహిలియానాలాంటి చోట గైడు లేకపోతే ఏదో పోయినట్టే. సముద్రపు ఒడ్డున కూర్చుని తినడానికి గైడుతో పనేముంది?

ధర అడిగేటప్పుడు అది మనిషికా, బృందానికా అన్నది మొదట తేల్చుకోండి. అందులో పన్ను, పార్కింగు, నెర్హా గుహల టికెట్లు, గైడు భోజనం కలిసి ఉన్నాయో లేదో అడగండి. గంటలు దాటితే అదనంగా ఎంత, ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది అన్నవి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మొదటి ఉత్తరంలోనే అన్నీ చెప్పండి

"టూరు ఎంత?" అని అడిగితే అచ్చు వేసిన జవాబే వస్తుంది. మీ సంగతి పూర్తిగా రాస్తే మంచి గైడు మీకు తగినట్టు రోజును మలుస్తారు. ఉదాహరణకు ఇంగ్లిషులో గాని స్పానిష్‌లో గాని ఈ అర్థం వచ్చేలా రాయండి:

"మేము ఐదుగురం. ఇద్దరు డెబ్బై దాటినవారు, నెమ్మదిగా నడుస్తారు, నిటారు మెట్లు ఎక్కువసేపు ఎక్కలేరు. ఏడేళ్ల పాప ఎత్తు 120 సెంటీమీటర్లు, ఆమెకు కారులో సీటు కావాలి. మాలో ముగ్గురు మాంసం, చేప, గుడ్డు తినరు. మాలగాలో తొమ్మిదింటికి బయలుదేరి రాత్రి ఎనిమిదికి తిరిగి చేరాలి. నెర్హా, ఫ్రిహిలియానా నిదానంగా చూడాలి. కొనుగోళ్ల కోసం దుకాణాల్లో ఆపవద్దు. గుహల్లోకి పెద్దవాళ్లు వెళ్లగలరా, లేకపోతే ఆ సమయంలో వారు ఎక్కడ కూర్చోవచ్చో చెప్పండి."

పాప ఎత్తు ఎందుకంటే, స్పెయిన్‌లో 135 సెంటీమీటర్ల లోపు పిల్లలను కారు వెనక సీట్లో, వారి ఎత్తు, బరువులకు తగిన పిల్లల సీటులోనే కూర్చోబెట్టాలన్న నియమం ఉంది. చివరి ప్రశ్నకు వచ్చే జవాబును జాగ్రత్తగా చదవండి. "ఏం ఫరవాలేదు, అందరూ వెళ్లవచ్చు" అని తేల్చేసేవారికన్నా, మెట్ల గురించి వివరంగా హెచ్చరించేవారినే నమ్మాలి.

రోజు ఎలా గడపాలి

మాలగా పాత పేటలో చాలా వీధుల్లోకి కార్లను రానివ్వరు. మీ బస అక్కడైతే కారు ఎక్కడికి వస్తుందో ముందు రోజే అడిగి, ఆ చోటును ఫోనులో గుర్తుపెట్టుకోండి. బరువైన సంచులు వద్దు. నీళ్ల సీసా, టోపీ, జారని బూట్లు, గుహ కోసం ఒక పలుచని పైవస్త్రం చాలు.

మొదటి మజిలీ నెర్హా గుహలు. నెర్హాకు నాలుగు కిలోమీటర్ల తూర్పున, మారో అనే పల్లె అంచున ఉన్నాయి. 1959 జనవరి 12న గబ్బిలాల కోసం కొండ పగుల్లోంచి దూరిన ఐదుగురు కుర్రాళ్లకు ఈ గుహలు కనిపించాయి. లోపల ఒక భారీ మందిరంలో, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పెరిగిన సున్నపురాయి కలిసిపోయి 32 మీటర్ల ఎత్తున ఒకే స్తంభంగా నిలిచింది. దాని కింద నిలబడి మెడ వెనక్కి వాల్చి చూస్తే తప్ప ఆ ఎత్తు అంతుపట్టదు. టికెట్లకు వేళ నిర్ణయించి ఉంటుంది, ముందుగా కొనమని గైడుకే అప్పగించండి. వసంతంలో అయితే తెరిచే వేళకే వెళ్లాలి, జనం తక్కువ. జులై, ఆగస్టుల్లో మాత్రం వరుస తిప్పేయండి: పొద్దున్నే ఫ్రిహిలియానా, ఎండ మండే మధ్యాహ్నానికి చల్లటి గుహ. లోపల మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవారిని బలవంతపెట్టవద్దు. వారిని బయట చెట్ల నీడన కూర్చోబెట్టవచ్చు, లేదా డ్రైవరు నేరుగా నెర్హా ఊళ్లో దింపి రావచ్చు.

గుహల నుంచి నెర్హా వైపు పాత రోడ్డు మీద వస్తే కుడి పక్క లోయలో నాలుగు అంతస్తుల కమానులతో ఒక నీటి వంతెన కనిపిస్తుంది. పేరు ఆగిలా. 19వ శతాబ్దంలో మారోలోని చక్కెర మిల్లుకు నీళ్లు తీసుకెళ్లడానికి కట్టారు. 37 కమానులు, నడినెత్తిన రెండు తలల గద్ద ఆకారంలో గాలి దిక్కు చూపే లోహపు గుర్తు. పెద్ద బస్సుల్లో వెళ్లేవారు చాలామంది దీన్ని కిటికీలోంచే చూసి సరిపెట్టుకుంటారు. మీ కారు మీ మాట వింటుంది కాబట్టి ఆపించి దిగండి, పావుగంట చాలు. ఈ తీరంలో వందల ఏళ్లు చెరకు పండింది. ఇప్పటి అవకాడో, మామిడి తోటల్లో చాలా భాగం ఒకప్పటి చెరకు భూములే. గైడును ఈ మార్పు గురించి, ఇటీవలి కరవుల్లో తోటలకు నీళ్లు ఎలా వచ్చాయన్న దాని గురించి అడగండి. స్థానికులకు ఇది మనసుకు దగ్గరైన విషయం, మాటలు వాటంతట అవే వస్తాయి.

నెర్హా ఊళ్లో చూడాల్సింది సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి గుట్ట మీది చదును, బాల్కన్ దె యురోపా. ఒకప్పుడు ఇక్కడ కోట ఉండేది, ఆ కాలపు ఫిరంగులు ఇప్పటికీ ఉన్నాయి. 1884 డిసెంబరు 25న ఈ ప్రాంతాన్ని కుదిపేసిన భూకంపం తర్వాత బాధితులను చూడటానికి రాజు 12వ అల్ఫోన్సో 1885 జనవరిలో వచ్చాడు. ఈ చోటుకు ఆ పేరు ఆయనే పెట్టాడని ఇక్కడివారు చెప్పుకుంటారు. అదే ఏడాది నవంబరులో, 28 ఏళ్లు నిండకుండానే ఆయన కన్నుమూశాడు. కమ్మీకి ఆనుకుని నిలబడిన ఆయన కంచు విగ్రహం పక్కన ఫొటో దిగని పర్యాటకుడు ఉండడు. చుట్టూ బల్లలున్నాయి, పెద్దవాళ్లకు ఇది హాయిగా గంట గడిచే చోటు.

భోజనం తర్వాత, నాలుగున్నర ప్రాంతంలో ఫ్రిహిలియానాకు బయలుదేరండి. నెర్హా నుంచి ఏడు కిలోమీటర్లు పైకి. ఇది మంచి గైడు అక్కరకొచ్చే ఊరు. గోడలన్నీ సున్నం వేసిన తెలుపు, తలుపులు నీలం, దారి మీద నలుపు, తెలుపు గులకరాళ్లు నిలువుగా పొదిగి చేసిన ముగ్గులు. వీధులు మెట్లుగా మెట్లుగా కొండెక్కుతాయి. గోడలకు అక్కడక్కడ పింగాణీ పలకలు అమర్చి ఉన్నాయి. వాటిని వరుసగా చదివితే 1569 నాటి యుద్ధం కథ తెలుస్తుంది. ముస్లిం పాలన ముగిశాక బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన మోరిస్కోలు తిరగబడి, ఊరి పైనున్న రాతి శిఖరం మీద చివరిదాకా పోరాడి ఓడిపోయారు. పలకలు స్పానిష్‌లో ఉంటాయి. వాటిని గైడు చదివి వినిపించి, ఆ శిఖరాన్ని వేలితో చూపించినప్పుడు ఆ తెల్లటి గోడలు కేవలం ఫొటోల కోసం కట్టినవి కావని అర్థమవుతుంది. మెట్లు ఎక్కలేనివారికి ఊరి మొదట్లోని చదునైన వీధి, అక్కడి కాఫీ దుకాణాలు సరిపోతాయి.

ఇక్కడే ఎల్ ఇంహేనియో అనే పాత భవనం ఉంది. అందులో నేటికీ చెరకు రసాన్ని కాచి చిక్కటి నల్లటి పాకం తీస్తారు, మియెల్ దె కాన్యా పేరుతో సీసాల్లో అమ్ముతారు. బెల్లం వండే చోట అచ్చుల్లో పోయకముందు దింపిన పాకం రుచి చూసినవారికి ఇది బంధువులా అనిపిస్తుంది. ఒక సీసా కొనుక్కోండి. విమానంలో చేతిసంచిలో మాత్రం పెట్టకండి.

భోజనం: ముందే మాట్లాడి పెట్టుకోవాలి

స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండింటి నుంచి నాలుగింటి మధ్య. పన్నెండింటికి వెళితే వంటగది తెరిచి ఉండదు, అయిదింటికి వెళితే మూసేస్తారు. పిల్లల కోసం కారులో ఏదైనా చిరుతిండి ఉంచుకోండి.

చేపలు తినేవారు ఇక్కడి ఎస్పెతో వదులుకోకూడదు. ఒడ్డున పాత చెక్క పడవలో ఇసుక నింపి, దాని మీద ఆలివ్ కట్టెల మంట వేస్తారు. రెల్లు పుల్లకు ఐదారు కవళ్లు గుచ్చి, మంట పక్కన ఇసుకలో ఏటవాలుగా పాతుతారు. గాలి ఎటు వీస్తోందో చూసి, పొగ తగలకుండా సెగ మాత్రమే తగిలేలా పుల్లను జరుపుతూ ఉంటారు. ఉప్పు తప్ప మసాలా లేదు. తోలు చిట్లి నూనె చుక్కలు బొట్టుబొట్టుగా ఇసుకలో రాలుతున్నప్పుడు తీసి పళ్లెంలో పెడతారు. చేతితోనే తినాలి. మే నుంచి ఆగస్టు దాకా చేప కొవ్వు పట్టి రుచిగా ఉంటుందని ఇక్కడివారి మాట.

శాకాహారులకు కాస్త జాగ్రత్త కావాలి. కూరగాయల వంటకంలా కనిపించే వాటిలో పంది మాంసపు తునకలు, చేప కలుస్తాయి. మామూలు సలాడ్‌లో ట్యూనా వేస్తారు. టమాటాతో చేసే చిక్కటి సాల్మొరెహో మీద గుడ్డు, హామ్ (ఉప్పుపట్టి ఆరబెట్టిన పంది మాంసం) చల్లుతారు. పప్పు వంటకాల్లో మాంసం తరచుగా ఉంటుంది. "మాంసం లేకుండా" అంటే హామ్ కూడా వద్దని అర్థం కాకపోవచ్చు. కాబట్టి విడివిడిగా చెప్పాలి: సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ వెవో. మాంసం, హామ్, చేప, గుడ్డు లేకుండా అని.

నిశ్చింతగా అడగదగినవీ ఉన్నాయి. బాదం, వెల్లుల్లి, రొట్టె, ఆలివ్ నూనె నూరి చల్లగా, ద్రాక్షపళ్లతో ఇచ్చే అహోబ్లాంకో మాలగా ప్రాంతపు సొంత వంటకం, ఎండలో ప్రాణం లేచొస్తుంది. పల్చని టమాటా రసం గస్పాచో సరేసరి. అన్నిటికన్నా వంకాయ ముక్కలు వేయించి పైన ఆ చెరకు పాకం పోసే వంటకం మన నాలుకకు వెంటనే నచ్చుతుంది. అయితే అదే నూనెలో చేపలు వేయిస్తారా అని అడగాలి. ఈ ప్రశ్న మీరు అడగడం కన్నా, ముందు రోజే గైడు ఫోను చేసి అడిగి, అలా కాని చోట బల్ల మాట్లాడి ఉంచడం మేలు. నెర్హాలోని బురియానా ఒడ్డున కట్టెల మంట మీద పెద్ద పెనాల్లో పయేయా అనే అన్నపు వంటకం వండే చోట్లు పేరున్నవి. కానీ దాన్ని మాంసంతోనో సముద్రపు జీవులతోనో వండుతారు. శాకాహార పయేయా కావాలంటే ముందుగా చెప్పి ఉంచాల్సిందే.

సెప్టెంబరు, అక్టోబరులో వెళితే దారి పక్క అంగళ్లలో అక్సార్కియా మామిడిపళ్లు ఉంటాయి. మన వేసవి అయిపోయాక అక్కడ సీజను మొదలవుతుంది. చెట్టున పండినది అడిగి తీసుకోండి.

వాతావరణం మారితే

తూర్పు గాలి లెవాంతె గట్టిగా వీచిన రోజు అలలు ఎగసిపడతాయి, పడవ, కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ప్రయాణాలు ఆగిపోతాయి. మారో కొండల కింద సముద్రంలోకి దూకే జలపాతం దాకా కయాక్‌లో వెళ్లాలన్న కోరిక ఉంటే, అది కుదరకపోతే ఏం చేయాలో గైడుతో ముందే అనుకోండి. వాన పడితే ఫ్రిహిలియానా గులకరాళ్లు జారతాయి. అలాంటప్పుడు గుహలు చూసి మాలగాకే తిరిగొచ్చి, పికాసో మ్యూజియంలోనూ 11వ శతాబ్దపు అల్కసాబా కోట కింద రోమన్ రంగస్థలం దగ్గరా సాయంత్రం గడపవచ్చు. 1881లో పికాసో పుట్టిన ఇల్లు కూడా అక్కడికి నడక దూరమే.

తిరుగు ప్రయాణం, చెల్లింపు

ఏడింటికి బయలుదేరితే ఎనిమిదికి మాలగాలో ఉంటారు. జూన్‌లో అయితే సూర్యాస్తమయం తొమ్మిదిన్నర దాటాకే, కాబట్టి తొందర లేదు. మిగతా డబ్బు కార్డుతో ఇచ్చి రసీదు తీసుకోండి. బక్షీసు ఇక్కడ తప్పనిసరి ఆచారం కాదు, ఇవ్వనందుకు ఎవరూ ముఖం మాడ్చుకోరు. పెద్దవాళ్ల చేయి పట్టుకుని మెట్లు దించిన డ్రైవరుకు, పాప ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబిచ్చిన గైడుకు ఇవ్వాలనిపిస్తే విడివిడిగా, నేరుగా వారి చేతికే ఇవ్వండి. సంస్థకు కట్టిన సొమ్ముతో కలిపి ఇస్తే అది వారికి చేరకపోవచ్చు.